పైడమ్మ ఎత్తిన బరువు

నేను ఒక ఇనుప డంబెల్‌ని. పది కిలోలు. పుట్టిననాడూ పదే, ఈనాడూ పదే. మీలాగా పండక్కి పెరిగి జ్వరానికి తగ్గే జాతి కాదు మాది. ఈ ఒక్క గుణం వల్లే, పైడమ్మ ఇంట్లో ఆమెకే తెలియనిది నాకు తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

విరిగిన నాగళ్లూ, తుప్పు పట్టిన కిటికీ చువ్వలూ కరిగించి నన్నూ నా జంటనూ ఇసుక అచ్చుల్లో పోశారు. మమ్మల్ని కొన్న మొదటి పెద్దమనిషి విజయనగరంలో బ్యాంకు గుమాస్తా. కొత్త సంవత్సరం నాడు కొన్నాడు. ఆరంభ శూరత్వం వారం దాటలేదు. నా జంట తలుపు కొట్టుకోకుండా అడ్డుగా కూర్చుంది, నేను ఊరగాయ జాడీ మూత మీద కూర్చున్నాను. చివరికి వాళ్లావిడ పాత ఇనుప సామాన్ల బండివాడికి నన్నిచ్చి ఉల్లిపాయలు పుచ్చుకుంది. నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. ఉల్లిపాయలతో ఆ ఇంట్లో కనీసం కూరైనా అవుతుంది.

ఆ పాత సామాన్ల కొట్లో నన్ను ఏరి తీసింది ఇందుమతి. ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్లను చూసే ఫిజియోథెరపీ అమ్మాయి. నన్ను సంచిలో వేసుకుని పైడమ్మ ఇంటికి తెచ్చింది.

పైడమ్మ అరుగు మీద అట్లు పోసి అమ్ముతుంది. భారీ మనిషి. కుడి మోకాలు అరిగిపోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. మొగుడు సింహాచలం రైసు మిల్లులో కళాసీ, జీవితమంతా బస్తాలు మోసినవాడు. ఒకరోజు బస్తాల దొంతర నడుం మీద కూలింది. అప్పటి నుంచి కాళ్లు పడిపోయాయి, మంచమే. రోజూ లేపి కుర్చీలో కూర్చోబెట్టకపోతే వీపు పుండ్లు పడి మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. తోటి కళాసీలు వచ్చి ఎత్తుతామంటే సింహాచలం ఒప్పుకోలేదు. "నన్ను బస్తానాగ మొయ్యకండ్రా" అని గోడవైపు తల తిప్పుకున్నాడు. పైడమ్మ ఒక్కతే ఎత్తబోయింది. మోకాలు మడతపడి ఇద్దరూ కింద పడ్డారు. అప్పటి నుంచి మంచం మీదే అటూ ఇటూ ఒత్తిగిలించేది.

అందుకే నేను వచ్చాను. కుర్చీ మీద రెండు దిళ్లు వేసి ఎత్తు పెంచింది ఇందుమతి. నన్ను గుండెకు హత్తుకుని లేవాలి, నెమ్మదిగా కూర్చోవాలి. "తొడల్లో బలమొస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది పిన్నీ" అంది. అట్ల పెనం దించగానే పైడమ్మ కుర్చీ ఎక్కేది. వీధిలో ఆడవాళ్లు నవ్వారు. "ఈ వయసులో పయిల్మానువైపోతావేటే?" అన్నారు. ఆమె పళ్లు బిగించి లేచేది. ఆమె చెమట నా మీద కారేది. నన్ను అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు లేరు. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది, దాచడమెందుకు?

అయితే మోకాలు మొండికేసింది. ఒక దిండు తీస్తే చాలు, బూరెలా వాచేది. మళ్లీ రెండో దిండు వేసేవారు. నెలలు గడిచినా నాతో లేచేటప్పుడు ఆమె మొదట్లో ఎలా రొప్పేదో అలాగే రొప్పేది.

మొగుణ్ణి మాత్రం ఎత్తగలిగింది! ఒకనాడు చంకల కింద చేతులు వేసి లేపితే లేచి వచ్చాడు. మరో నెలకు ఇంకా సులువుగా వచ్చాడు. పైడమ్మ వీధంతా వినబడేలా నవ్వింది. "నాకు బలమొచ్చీసింది మావా!" అంది. సింహాచలం కూడా నవ్వాడు.

నా చోటు అతని మంచం పక్కన, కిటికీ కింద. ఆమె కంచం పెట్టి అరుగు మీదికి వెళ్లగానే అతను ముద్దలు కలిపి కిటికీలోంచి వీధి కుక్కకు వేసేవాడు. "తినీసినానే" అని కేకేసేవాడు. ఆ కుక్క నున్నగా బలిసింది. అరవాలని ఎంత ఉన్నా ఇనుముకు నోరేదీ?

వారానికోసారి వచ్చే ఇందుమతి ముందు పైడమ్మ మొగుణ్ణి ఎత్తి చూపించింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి, "అయితే డంబెల్ ఎత్తండి పిన్నీ, దీనికన్నా పెద్దది తెస్తాను" అంది. దిళ్లు తీసేసి కూర్చుంది పైడమ్మ. నాతో లేవలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. నేను జారి నేల మీద పడ్డాను.

ఇందుమతి నవ్వు ఆగిపోయింది. వెళ్లి సింహాచలం మీది దుప్పటి తీసింది, చొక్కా ఎత్తింది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

"ఏటి మావా? తింతన్నావు కదా?" అంది పైడమ్మ.

అతను చొక్కా కిందికి లాక్కున్నాడు. "బస్తా తేలికైతే కళాసీ నడుం నిలబడతాదే. నీ మోకాలు కూడా పోతే మనకి దిక్కెవులే?"

ఆమె తిట్టలేదు. కంచం తెచ్చి ఒళ్లో పెట్టుకుని, మింగేదాకా చూస్తూ ముద్దలు పెట్టింది. కడుపు అప్పటికే మాడిపోయింది, పెట్టింది పెట్టినట్టు కక్కేవాడు. పుండ్లు లోపలికి దిగాయి. రోజూ పొద్దున్న అతణ్ణి ఎత్తేముందు, ఈవేళ మావ బరువు నా వల్ల కాకూడదు తల్లీ అని పైడితల్లమ్మకు దండం పెట్టుకునేది. రోజూ ఎత్తగలిగేది.

ప్రాణం పోయేవాణ్ణి మంచం మీద ఉంచకూడదు, నేలకు దించాలి. సింహాచలానికి ఊపిరి ఎగదన్నుతుంటే మిల్లు నుంచి నలుగురు కళాసీలు పరుగున వచ్చారు.

"ఒగ్గండి. నానే దించుతాను" అంది పైడమ్మ.

ఇందుమతి నేర్పినట్టే చంకల కింద చేతులు వేసి, గుండెకు హత్తుకుని లేపింది. మోకాలు పటపటలాడింది గాని నిలబడింది. చాప మీద పడుకోబెట్టి పక్కనే కూలబడింది. "ఏటీ బరువు నేదు మావా, ఏటీ నేదు" అంటూ అతని ముఖం తడుముతూ ఉండిపోయింది. అతను పోయాక, ఆ నేల మీంచి తనంతట తాను లేవలేకపోయింది. అతణ్ణి ఎత్తడానికి వచ్చిన నలుగురూ కలిసి ఆమెను లేపారు.