కరవని జోడు

ప్రధాన వీధిలో పాదరక్షల దుకాణం నడిపే పెద్దమనిషి తన అల్లుణ్ణి ఎప్పుడూ "మీరు" అనే పిలిచేవారు. ఆ "మీరు"లో మర్యాద పాలెంతో, విషం పాలెంతో ఇంట్లోవారికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో అది అచ్చమైన మర్యాదే. అల్లుడు బూట్లు విప్పేసి వీధుల్లో పరుగెత్తడం మొదలుపెట్టిన తరువాత రెండో పాలు క్రమంగా హెచ్చింది.

అల్లుడు ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు. విద్యార్థులు మొదలుకొని సొంత అత్తగారి దాకా అందరికీ అతడు డ్రిల్లు మాస్టారే. తెల్లవారగానే ఉత్త కాళ్ళతో బయలుదేరేవాడు. మడమను నేలకేసి కొట్టకుండా, ముందరి పాదం మీద తేలికగా వాలుతూ, పొట్టి అంగలతో చప్పుడు లేకుండా సాగిపోయేవాడు. వెనుక మనిషి వస్తున్న జాడ తెలియక, పాల పొట్లాలు కొనుక్కొని వెళ్ళేవారు ఉలిక్కిపడి తిట్టేవారు. అరికాళ్ళు తోలుపట్టాల వలె గట్టిపడ్డాయి. వేళ్ళు ఒకదానికొకటి ఎడంగా జరిగి, విసనకర్ర వలె విచ్చుకొన్నాయి. తారు కాగే నెలల్లో మాత్రం కాగితమంత అడుగున్న పల్చని బూట్లు తొడుక్కొనేవాడు. వాటిని మొదటిసారి చూసిన రోజున మామగారు, "ఇవి బూట్లేనా అల్లుడు గారూ? చేతి తొడుగులు దారి తప్పి కాళ్ళకొచ్చాయా?" అని అడిగారు. అల్లుడు నవ్వాడు. మామగారు నవ్వలేదు.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. ఆ దుకాణం ఆయన తండ్రి స్థాపించినది. తండ్రి విధించిన నియమాలు రెండు. దుకాణంలో అడుగుపెట్టినవారు కూర్చోవాలి, కొలిచేవాడు వారి కాళ్ళ దగ్గర కూర్చోవాలి; కొలత ముగిసేదాకా వచ్చినవారిని నిలబెట్టడం అమర్యాద. ఇది మొదటిది. కంపెనీ వేసిన అంకెను నమ్మరాదు. దాని మీద దుకాణం వారి గుండ్రని స్టిక్కరు అంటించి, దుకాణం అంకె వేయాలి. ఇది రెండవది. కొడుకు ఈ రెండింటినీ వేదవాక్యాలుగా పాటించారు. ఇత్తడి కొలబద్ద మీద పాదాన్ని పెట్టించి, బొటనవేలి కొసను తన బొటనవేలితో తాకి, వెనుక గది వైపు "ఎనిమిది!" అని కేక వేసేవారు. వెనుక గదిలోంచి కూతురు ఎనిమిదో అంకె డబ్బాతో వచ్చేది. చదువు ముగించిన నాటి నుంచి సరుకు దించుకోవడం, స్టిక్కర్లు అంటించడం, డబ్బాలు సర్దడం ఆమె పనే. తండ్రి కేక, కూతురి రాక అనే ఆ రెండింటి మీదే దుకాణం నడిచేది. "అక్కడ కొన్న జోడు కరవదు" అని ఊరంతా అనేది. ఆయన జీవితంలో సంపాదించినది ఏమిటని అడిగితే, ఆయన ఇల్లూ వాకిలీ చూపరు. ఆ ఒక్క మాట చెబుతారు.

దుకాణం వార్షికోత్సవం తరువాత తాళాలు కూతురికి అప్పగించి తాను విశ్రాంతి తీసుకొంటానని ఆయన బాహాటంగా ప్రకటించారు. ఆమె జీవితంలో కోరుకొన్నది కూడా అదే. వార్షికోత్సవానికి ఊరి జనంతో ఒక ఉదయపు పరుగు పెట్టించాలన్న ఆలోచన ఆమెదే. అందరికీ దుకాణం పేరు అచ్చువేసిన చొక్కాలు పంచారు. అల్లుడూ ఆ చొక్కా వేసుకొన్నాడు. మూడవవాడిగా వచ్చాడు. మరునాడు పత్రికలో ఫోటో పడింది: రొమ్ము మీద పాదరక్షల దుకాణం పేరు, కింద ఉత్త కాళ్ళు.

ఆ ఉదయం ఎదుటి గడియారాల మరమ్మతుదారు రోడ్డు దాటి మరీ వచ్చి, పత్రికను గల్లాపెట్టె మీద పరిచాడు.

"ఏమండీ, ఊరందరి కాళ్ళూ కొలుస్తారే, ఇంటల్లుడికే సైజు దొరకలేదా?"

గల్లా దగ్గరి అమ్మాయి చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకొంది. పెద్దమనిషి పత్రికను నాలుగు మడతలు పెట్టి, మరమ్మతుదారు జేబులో తానే దూర్చి, "మీ కొట్టు గడియారం పది నిమిషాలు వెనక ఉంది. ముందు అది చూసుకోండి," అన్నారు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఆయన కంచం ముట్టుకోలేదు.

"అల్లుడు గారూ, మీ పెళ్ళికి నా చేత్తో కొలిచి, నా చేత్తో ఎంచి ఒక జోడు ఇచ్చాను. ఏం చేశారు దాన్ని?"

"అటక మీద ఉంది మామయ్య గారూ."

"ఎందుకని అటకెక్కిందో?"

"అది..." అల్లుడు నీళ్ళ గ్లాసు వైపు చూశాడు. "దాంతో ఏడాది పరుగెత్తాను. కాస్త కరి..."

బల్ల కింద భార్య అతడి పాదాన్ని గట్టిగా తొక్కింది. అల్లుడు మాట మింగి, "కాస్త కాలం బూట్లు లేకుండా చూద్దామనిపించింది. అలవాటైపోయింది," అన్నాడు.

"అలవాటైపోయింది! విన్నావటే?" అని ఆయన భార్య వైపు తిరిగారు. "వంటవాడి అల్లుడు పస్తులుండడం అలవాటైపోయిందంటే ఊరేమనుకుంటుంది?"

"అన్నం ముందు పెట్టుకుని ఆ మాటలెందుకండీ," అంది అత్తగారు. "ఆయన కాళ్ళు, ఆయన ఇష్టం."

"ఆయన కాళ్ళు ఆయనవే. చొక్కా మీద పేరు మాత్రం నాది." ఆయన గొంతు పెంచలేదు. "చెబుతున్నాను, వినండి. సోమవారం దుకాణానికి రండి. పనివాళ్ళందరి ముందు కుర్చీలో కూర్చోండి. నేను కొలుస్తాను. జోడు తొడుక్కుని వీధి చివరి దాకా నడిచి రండి. తాళాలు మా అమ్మాయికిస్తాను. రాకపోతే మా అన్నగారి కొడుకున్నాడు. రంగుల కొట్టులో గుమాస్తా. వాడికి కనీసం కాళ్ళకు బూట్లున్నాయి."

కూతురి చేతిలోని గరిటె గిన్నె అంచుకు తగిలి చప్పుడు చేసింది.

గదిలోకి వెళ్ళాక ఆమె భర్తతో అంది: "ఒక్క గంట ఓర్చుకో. నాన్న ఎనిమిదంటారు. డబ్బా నేను తెస్తాను. అది కరవదు."

"నువ్వు తెచ్చేది కరవదని నాకూ తెలుసు. అసలు సంగతి ఆయనతో చెప్పెయ్యొచ్చుగా?"

"తాళాలు చేతికొచ్చాక చూద్దాం."

"ఈలోగా పిచ్చివాణ్ణి నేను."

"నువ్వు పరుగెత్తే తీరు చూసినవాళ్ళకి అది కొత్త కాదులే," అని ఆమె దీపం ఆర్పింది.

సోమవారం దుకాణం తెరవగానే అల్లుడు వచ్చాడు. ఇద్దరు అమ్మకపు కుర్రవాళ్ళు, గల్లా అమ్మాయి వరుసగా నిలబడ్డారు. ఎదుటి మరమ్మతుదారు తన గుమ్మంలోకి స్టూలు లాక్కొని, కంటి అద్దం తీయకుండానే ఇటు తిరిగి కూర్చొన్నాడు. పెద్దమనిషి ఇస్త్రీ మడత చెదరకుండా మోకాళ్ళు వంచి, అల్లుడి పాదాన్ని కొలబద్ద మీద పెట్టించారు. అరికాలి గరుకు ఆయన వేళ్ళకు తగిలింది. మొహం చిట్లించారు.

"ఎనిమిది!" అని కేక వేశారు.

కూతురు సిద్ధంగా ఉంచుకొన్న డబ్బాతో వెనుక గదిలోంచి వచ్చింది. తండ్రి చెయ్యెత్తి ఆపారు.

"అక్కర్లేదమ్మాయ్. జోడు నేను తెచ్చాను."

గల్లాపెట్టె కింద నుంచి ఆయన తీసినది పెళ్ళినాటి జోడు. స్వయంగా అటకెక్కి దింపి, దుమ్ము దులిపి, అద్దంలా మెరుగుపెట్టి తెచ్చారు. దానిని చూడగానే కూతురి ముఖం పాలిపోయింది. దుకాణంలో నుంచి ఆమె చేయి పడకుండా బయటికి వెళ్ళిన జోడు అదొక్కటే. ఆ వారమంతా పెళ్ళికూతురిగా ఆమె ఇంట్లోనే ఉంటే, కొత్తగా దిగిన సరుకులోంచి దాన్ని తండ్రే తీసి స్టిక్కరు అంటించారు.

"నాన్నా, అది పాతబడింది. ఇది చూడండి."

"నా చేతి కొలత పాతబడదు."

కుడి బూటు మడమ దగ్గర ఆగింది. ఆయన బూటు తొడిగే లోహపు పలకను వెనుక దూర్చి నెట్టారు. విచ్చుకొన్న వేళ్ళు లోపల ముడుచుకొన్నాయి. అల్లుడు పళ్ళు బిగించి, కుర్చీ చేతులు పట్టుకొన్నాడు.

"నటన వద్దు అల్లుడు గారూ."

"నటన కాదు మామయ్య గారూ, వేళ్ళు..."

"చెట్టెక్కే జంతువుల్లా పెంచుకున్నారు కదా, దూరతాయా మరి? నిలబడండి."

అల్లుడు నిలబడ్డాడు. నిలబడగానే పాదం పరుచుకొని, బూటు పక్క కుట్టు ఉబ్బింది. రెండడుగులు వేసి గల్లాపెట్టెను పట్టుకొన్నాడు. ఎదురుగా మరమ్మతుదారు స్టూలు మీద ముందుకు వంగాడు.

"నడు!" అన్నారు పెద్దమనిషి.

"మీరు" జారిపోయిందని ఆయనకు తప్ప అందరికీ తెలిసింది.

"నడువు! ఇన్నేళ్ళలో మా జోడు కరిచిందని ఈ ఊళ్ళో ఒక్కడన్నాడా? ఒక్కడు? లోపం బూటులో లేదు, నీ కాల్లో ఉంది. కాల్లో కూడా కాదు, నీ బుద్ధిలో ఉంది!"

"విప్పెయ్," అంది కూతురు భర్తతో. తరువాత తండ్రి వైపు తిరిగింది. "ఒక్కడూ అనలేదు నాన్నా. ఎందుకనలేదో అడగండి."

"నువ్వు లోపలికి వెళ్ళు."

"మీరు ఎనిమిదన్న ప్రతిసారీ నేను తొమ్మిది తెచ్చాను. ఏడంటే ఎనిమిది. ఒక అంకె తగ్గించి స్టిక్కర్లు అంటించాను. మీరు కూర్చోబెట్టి కొలుస్తారు. మనిషి కూర్చుని నడవడు నాన్నా. నిలబడితే కాలు సాగుతుంది."

అమ్మకపు కుర్రవాడొకడు పైకప్పు పంకాను మహా శ్రద్ధగా చూడసాగాడు.

"అబద్ధం," అన్నారాయన.

"నేను వచ్చిన కొత్తలో ఒక్కసారి చెప్పాను. తాతయ్య కంటే నీకెక్కువ తెలుసా అన్నారు. మళ్ళీ చెప్పలేదు."

"అబద్ధం! అల్లుడు నేర్పిన మాటలివి."

"మీ కాలికున్న జోడు ఎంత?"

"ఎనిమిది. నలభై ఏళ్ళుగా ఎనిమిది."

"విప్పి, స్టిక్కరు గీకి చూడండి."

విప్పకుండా ఉంటే ఆమె మాట ఒప్పుకొన్నట్టు. అందుకే విప్పారు. కుడి మేజోడు నేలకు తాకకుండా కొంతసేపు ఒంటికాలి మీద నిలబడే ప్రయత్నం చేశారు. తూలి, పాదం గచ్చు మీద మోపారు. బూటును తలకిందులు చేసి, అడుగున ఉన్న గుండ్రని స్టిక్కరును గోటితో గీకారు. అది ఒక్కసారిగా ఊడలేదు. తన తండ్రి కాలం నుంచి వాడుతున్న మంచి జిగురు అది. చివరకు ఒక మూల లేచింది. కింద కంపెనీవారు తోలులో అచ్చొత్తిన తొమ్మిది కనబడింది.

ఆయన దానిని బొటనవేలితో తడిమారు.

"అంటే ఇన్నాళ్ళూ అందరి ముందూ నన్ను గుమ్మం దగ్గర బొమ్మను చేసి కూర్చోబెట్టావన్నమాట."

"మీ మాట నిలబెట్టాను."

"నా మాట నిలబెట్టడానికి నువ్వెవరివే?"

ఆమె ముఖంలో పశ్చాత్తాపం కోసం ఆయన వెదికారు. దొరకలేదు.

ఆయన బూటు తొడుక్కొని, లేసు బిగించి, జేబులోంచి తాళాల గుత్తి తీశారు. కూతురి చేతికివ్వలేదు, గల్లాపెట్టె మీదికి విసిరారు. అది జారి నేల మీద పడింది.

"వచ్చాడు, కూర్చున్నాడు, తొడుక్కున్నాడు, రెండడుగులైనా నడిచాడు. మాటిచ్చాను కనుక తాళాలు నీవే. కానీ నేనుండగా ఈ కొట్లో ఎవరినీ నిలబెట్టి కొలవకూడదు."

కూతురు వంగి తాళాలు తీసుకొంది.

"రేపటి నుంచి నిలబెట్టే కొలుస్తాను నాన్నా. స్టిక్కర్లన్నీ పీకేస్తాను."

"అయితే నా కుర్చీ ఎందుకిక్కడ?"

"సాయంత్రానికి ఇంటికి పంపిస్తాను."

ఆమె ఆ మాట అనదని ఆయన అనుకొన్నారు. అంది. పంకాను చూస్తున్న కుర్రవాడు ఇప్పుడు నేలను చూడసాగాడు.

పెద్దమనిషి గుమ్మం వైపు కదిలారు. కుర్చీలో కూర్చొని ఎర్రబడిన వేళ్ళను నలుపుకొంటున్న అల్లుడి దగ్గర ఆగారు. "మీరు" మళ్ళీ తన చోటికి వచ్చేసింది.

"మీకు సంతోషమే కదా అల్లుడు గారూ?"

"లేదు మామయ్య గారూ. కాలు నొప్పిగా ఉంది."

అల్లుడు పెళ్ళినాటి జోడును గల్లాపెట్టె మీద పక్కపక్కన పెట్టి, భార్య వైపు ఒకసారి చూసి, ఉత్త కాళ్ళతో వీధిలోకి దిగాడు. కొంత దూరం కుంటుతూ నడిచాడు. తరువాత చిన్న చిన్న అంగలు కుదిరాయి. మలుపు దగ్గర పరుగు అందుకొన్నాడు.

అతడి వెనుకే పెద్దమనిషి మెట్లు దిగారు. మరమ్మతుదారు స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏమండీ, దొరికిందా సైజు?"

"దొరికింది," అన్నారు పెద్దమనిషి, అతడి వైపు చూడకుండా.

ఇంటిదాకా నడిచారు. మామూలుగా ఆటోలో వెళ్ళేవారు. ఆ రోజు పంతానికి నడిచారు. ఎక్కడైనా ఒకచోట, మడమ దగ్గరో చిటికెన వేలి దగ్గరో, ఆ జోడు కాస్త ఒరుసుకొంటుందేమోనని ప్రతి అడుగులోనూ కాచుకొన్నారు. ఒరుసుకొంటే కూతురి మాట తప్పని తేలేది. అది ఎక్కడా కరవలేదు. గుమ్మంలో భార్య, "ఇంత పొద్దున్నే వచ్చేశారేమిటండీ?" అని అడిగింది. ఆయన బూట్లు విప్పి, రెండింటినీ చెరో చేత్తో పట్టుకొని, పెరట్లోని చెత్తబుట్టలో పడేశారు.