అన్న ఆగే చోటు

యోగేశ్వరన్ చనిపోయిన తరువాతే మోహనప్రియ అతని ఫిడేలుకు తోడుగా గిటారు వాయించడం నేర్చుకుంది.

యోగేశ్వరన్ ఆమెకు అన్న. సముద్రంలో చమురు తీసే కంపెనీలో ఇంజినీరుగా స్కాట్లండ్‌లో కొన్నేళ్ళుండి, ఒక ఫిడేలుతో, అక్కడి ముసలి జాలరుల దగ్గర పట్టుకున్న పాటలతో మలేసియాలో, తెలుక్ ఇంటాన్‌లోని తమ ఇంటికి తిరిగొచ్చాడు. ఊళ్ళో ఆ పాటలు తెలిసినవాళ్ళు లేరు. అందుకని చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ప్రియ బళ్ళో సంగీతం టీచరు. పెళ్ళి కచేరీల్లో తమిళ సినిమా పాటలకు గిటారు వాయించి ఆరితేరిన చెయ్యి. అన్న మొదటి వరస ఎత్తుకోగానే తీగలన్నీ మోగించేసేది.

అతను విల్లు దించేవాడు. "అలగ నింపీకే. పాట దాని దారిన అది నడుస్తది. నువ్వు పక్కన నడు, సాలు. నువ్వేటో ముందుకు పరిగెట్టి తలుపులు తీస్తన్నావు."

"రెండు తీగలు మీటుకుంటూ కూకుంటే వాయించినట్టా అన్నా? నా వల్ల కాదు లా," అని ఆమె ఆ ఊరి యాసలో విసుక్కునేది.

అలా మొదలైన పాఠాలు ఎక్కువ కాలం సాగలేదు. ఆ ఏడు వానల్లో ఒక ఉదయం ఆఫీసు మెట్లెక్కుతూ అతను కూలబడిపోయాడు. గుండె. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

కర్మలన్నీ ముగిశాక ప్రియ అతని ఫోను తెరిచింది. ఆమె సాధన చేసుకోవడానికని అతను రికార్డు చేసి పెట్టినవి చాలా ఉన్నాయి. అన్నిటిలోనూ ఒంటి ఫిడేలే. ఆమె అన్న గదిలో, అతని కుర్చీకి ఎదురుగా కూర్చుంది. అతను చూపించినట్టే గిటారు తీగలు మూడింటిని దించి శ్రుతి చేసింది. ఆ శ్రుతిలో వట్టి తీగలు మీటితే వచ్చే నాదం సంతోషమనీ చెప్పదు, దుఃఖమనీ చెప్పదు. ఆ మాట చెప్పాల్సింది ఫిడేలు. ఇది అన్న ఎన్నిసార్లో చెప్పాడు. ఆమెకు ఇప్పుడు వినిపించింది.

రోజూ బడి నుంచి రాగానే ఆ గదిలోకి వెళ్ళేది. ముందు ఊరుకోవడం నేర్చుకుంది. తరువాత ఒక తీగ, ఆపైన రెండు. రికార్డుల్లో ఒక నిదానమైన పాట ఉంది. దాని రెండో చరణం చివర యోగేశ్వరన్ తాళం తప్పి ఒక్క క్షణం ఆగుతాడు. ఊపిరి పీల్చిన చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు మళ్ళీ మొదటికి వస్తాడు. ప్రియ చెయ్యి కూడా అక్కడ ఆగడం మరిగింది.

ఒకరోజు తల్లి నరసమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ట్రేలో రెండు టీ కప్పులు. ఒకటి కూతురి పక్కన పెట్టి, రెండోది ఖాళీ కుర్చీ దగ్గర కిటికీ గట్టు మీద పెట్టింది.

"అమ్మా, అది ఫోను."

"తెల్సు లేవే. నానేటి పిచ్చిదాన్నా?" అని నరసమ్మ వెళ్ళిపోయింది.

ఆ తరువాత రోజూ రెండు కప్పులే. కొన్నాళ్ళకు ఆమె ఇంకో మాట మొదలుపెట్టింది. "ఇయాల నిన్నటికన్నా బాగ వాయించినాడు." ప్రియ తల తిప్పి ఫోను వైపు చూసింది. తనకూ అలాగే అనిపించింది మరి. నిన్నటి రికార్డే, కానీ ఇవాళ ఫిడేలు తన చేతికోసం కాస్త నెమ్మదించినట్టుంది. రికార్డు మారదని తెలుసు. తెలిసీ, నిడివి ఎంతో చూసుకుంది. ఏమీ మారలేదు.

ఒక సాయంత్రం ఆ నిదానమైన పాటను మళ్ళీ మళ్ళీ వాయించి ప్రియ కళ్ళు తెరిచింది. ఫోను ఛార్జి అయిపోయి తెర నల్లగా ఉంది. ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియదు. ఫిడేలు ఎక్కడ ఆగిందో కూడా చెప్పలేకపోయింది. గిటారు ఒళ్ళోంచి జారింది.

గుమ్మంలో నరసమ్మ నిలబడి ఉంది. "ఆపీసినావేటే? వాడింకా వాయిస్తన్నాడు కదా."

మరుసటి ఆదివారం కోగిలన్ వచ్చాడు. కౌలాలంపూర్‌లో ఒక కాఫీ కొట్టు మేడమీద ఐరిష్, స్కాటిష్ పాటలు వాయించుకునే చిన్న గుంపుంది. యోగేశ్వరన్ నెలకోసారి అక్కడికి వెళ్ళేవాడు. కోగిలన్ కూడా ఆ గుంపులో ఫిడేలు వాయించేవాడే. పరామర్శకు వచ్చి, ప్రియ గిటారు చూసి, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని తన ఫిడేలు తీశాడు. ఆమె ఆ నిదానమైన పాటే అడిగింది.

రెండో చరణం చివర ఆమె చెయ్యి ఆగింది. కోగిలన్ ఆగలేదు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే పాట రెండుగా చీలిపోయింది.

కోగిలన్ ఫిడేలు దించాడు. "ప్రియా, నువ్విప్పుడు ఎవులికి వాయిస్తన్నావు?"

ఆమె జవాబు చెప్పేలోపే గుమ్మంలోంచి నరసమ్మ అంది. "ఆ కుర్చీలో కూకున్నావేటి నాయనా? వాడెక్కడ కూకుంతాడు?"

కోగిలన్ నవ్వలేదు, వాదించలేదు. "తెలీలేదు పెద్దమ్మా," అని లేచి నేలమీద బాసింపట్టు వేసుకున్నాడు. ప్రియతో మెల్లగా అన్నాడు. "ఆడక్కడ ఆగుతాడు. నాకూ తెల్సు. నాను ఆగను. నా మోచెయ్యి సూసుకుంటా రా."

ఈసారి ఆమె అతని మోచేతి మీంచి చూపు తిప్పలేదు. ఆ చోటు వచ్చింది. చెయ్యి ఆగబోయింది. ఆగకుండా దాటేసింది. చీకటి దారిలో ఎవరినో వదిలేసి ముందుకు నడిచినట్టనిపించి, పాట అయ్యేదాకా ఏడుస్తూనే వాయించింది.

తరువాతి నెల ఆమె కౌలాలంపూర్ వెళ్ళింది. మేడమీద గదిలో ఐర్లండ్ నుంచి వచ్చిన ఒకావిడ వేణువు ఊదింది. కోగిలన్, ఇంకో ఇద్దరు ఫిడేళ్ళు పట్టారు. తెలియని పాటలు. తెలియనప్పుడల్లా ప్రియ గిటారు మీద అరచెయ్యి ఆనించి వింది. దారి తెలిసిన చోట రెండు తీగలు మీటింది.

ఇంటికి రాగానే నరసమ్మ అడిగింది. "ఎవులెవులు వచ్చినారే?"

ప్రియ పేర్లు చెప్పింది.

"మరి వాడో?"

"రాలేదమ్మా. అన్న ఇంక రాడు."

నరసమ్మ కూతురి ముఖంలోకి చూసింది. "సరే. కాళ్ళు కడుక్కోని తిను," అంది.

ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు వంటింట్లోంచి నరసమ్మ "ఇను, ఇను," అని చెయ్యెత్తుతుంది. ప్రియ కాదనదు. వెళ్ళి ఆ గది తలుపు దగ్గర నిలబడుతుంది. ఏదైనా వినిపిస్తుందో లేదో ఎవరికీ చెప్పదు. గిటారు మాత్రం అప్పుడు తీయదు.