బోర్డుకు చాలని బుడిపె

ఆగయ్య కుడికాలి బొటనవేలు పక్కవేలి మీదికెక్కి పండుకున్నట్టుండేది. దాని మొదట్ల ఎముక బయటికి పొడుచుకొచ్చి, ఎర్రగ కమిలి, దుప్పటి తగిలినా జివ్వుమనేది. భూపాలపల్లి బొగ్గుబాయిల దిగినకాంచి కాళ్ళకు ఇరుకు బూట్లే. ఇన్నేండ్లు దాన్ని ఆనెకాయ అనుకొని బ్లేడుతోని చెక్కుకున్నడు. నెత్తురు కారింది గాని బుడిపె తరుగలేదు.

దేవరుప్పులల ఉన్న చెల్లె ఉమారాణి చూసి ఊకోలేదు. "ఏందన్నా గిది? గీ కాలు పెట్టుకొని బాయిలకెట్ల దిగుతున్నవ్?" అని జనగామల ఎముకల డాక్టరమ్మ కాడికి గుంజుకపోయింది.

డాక్టరమ్మ వేలును అటు ఇటు కదిలించి చూసింది. "ఇది కాయ కాదు పెద్దాయనా. వేలు లోపలికి ఒరిగితే మొదట్ల కీలు బయటికొస్తది. మీ ఇంట్ల ఎవరికన్న ఉందా?"

"మా అవ్వకుండె."

"ఆమె కాలే మీకొచ్చింది. ఇరుకు బూట్లు ముదరబెట్టినయ్. మలాముకు, పట్టీలకు వేలు సక్కగ కాదు. ముందుభాగం వెడల్పున్న బూట్లు తొడుగుండ్రి. వేళ్ళ నడుమ మెత్తటి దిండు పెట్టుకోండ్రి. వాచిననాడు మంచుగడ్డ పెట్టండ్రి. అప్పటికీ నడవనియ్యకుంటే ఆపరేషన్. ఇంకోసారి బ్లేడు ముట్టొద్దు."

డాక్టరమ్మ రాసిచ్చిన చిట్టీ చూపిచ్చి ఆగయ్య బాయి స్టోర్ల వెడల్పు బూట్లు తెచ్చుకున్నడు. వేలు వంకర వంకరే గాని, మంట దిగింది. షిఫ్టు దిగినంక కుంటకుండ ఇంటికి నడిచొచ్చిండు.

వాకిట్ల కూసున్న కొడుకు సంపత్ ఆ నడక చూసి లేచిండు. "ఎవలు జేపిచ్చుకొమ్మన్నరు నిన్ను వైద్యం?"

ఆగయ్యకు అర్థమైంది. బాయి మనిషి పనికిరాడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాస్తే కొలువు కొడుకుకొస్తది. డిగ్రీ అయినకాంచి సంపత్ దాని మీదనే కన్నేసి కూసున్నడు. మానుకోట పక్కన కురవిల పిల్లనిచ్చేటోళ్ళు కొలువొచ్చినంకనే ముహూర్తమన్నరు. ఈ కాలును చూపిచ్చే బోర్డుకు దరఖాస్తు పెట్టిచ్చిండు. పిలుపు గుడ వచ్చింది.

"బోర్డు ముంగట గిట్ల నడుస్తవా? జర అక్కల్ బుద్ధి లేదా బాపూ?"

ఆగయ్య పెండ్లాం అండాలు పొయ్యికాడికెంచి తలెత్తలేదు. "జర ఓర్చుకోరాదయ్యా. నీది అయిపోవచ్చింది. వానిదింక మొదలన్న గాలే."

తెల్లారి చూస్తే వెడల్పు బూట్లు లేవు. పాతయి గుమ్మంల పెట్టున్నయి. ఆగయ్య అవే తొడుక్కున్నడు. బాయికాడ తోటి పనోడు పోశయ్య ఆ వెడల్పు బూట్లే తొడుక్కొని ఎదురొచ్చిండు. "నీ కొడుకిచ్చిండే అన్నా. నీకు వదులైనయట గద! మంచిగున్నయ్, కాలు తొట్లెల పండుకున్నట్టుంది."

"తొడుక్కో," అన్నడు ఆగయ్య.

బోర్డు నాటికి బుడిపె పగిలి చీము పట్టింది. సంపత్ దవాఖాన మెట్ల కాడ చెవిల చెప్పిండు, "బాగ కుంటు బాపూ." చెప్పే పని లేదు, అడుగు కింద ఆనుతలేదు.

బోర్డు డాక్టరు కాలు చూసి మొఖం చిట్లించిండు. "గింత పుండు ఎట్లయింది? గిసొంటి కాలుకు గీ ఇరుకు బూట్లెవరు తొడగమన్నరు?"

తలుపు సందులకెల్లి సంపత్ చూస్తున్నడు.

"ఎవలు లేరు సార్. నేనే."

"పుండు మాన్తది. వేలుకు వెడల్పు బూట్లు చాలు, లేకుంటే ఆపరేషన్. బొటనవేలి బుడిపెకు అన్‌ఫిట్ రాయం పెద్దాయనా. ఫిట్."

బస్సుల సంపత్ పక్క సీట్ల కూసోలేదు. అండాలు ఎదురొచ్చి కొడుకు మొఖం చూసింది, మొగని కాలు చూడలేదు.

పొద్దుగూకినంక సంపత్ గిన్నెల వేడినీళ్ళు, దూది పట్టుకొని వచ్చి బాపు ముంగట కూసున్నడు. కాలు ఒళ్ళె పెట్టుకొని మెల్లగ పుండు తుడువవట్టిండు. పుట్టి బుద్దెరిగినకాంచి వాడు ఆ కాలు ముట్టింది లేదు. ఎంత కాదన్నా కొడుకు గదా అనుకున్నడు ఆగయ్య.

"బాపూ."

"ఏంది బిడ్డా?"

"నీ కండ్లెట్ల కనబడుతున్నయ్?"

లోపలికెల్లి అండాలు అందుకున్నది. "మొన్న సూదిల దారమెక్కియ్యమంటె ఎక్కియ్యలేకపాయె!"

ఆగయ్య కొడుకు ఒళ్ళెకెల్లి కాలు తీసుకొని, సగం కట్టిన గుడ్డను తానే ముడేసుకున్నడు.