నలభై దాటితే మోగే అలారం

ఆదివారం ఆస్పత్రి మందుల గదిలో ఫ్రిజ్ ఆగిపోయింది. లోపలున్న టీకాలన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్నది మందుల గది చూసుకునే స్టోరక్క. అలారం మోగలేదని ఆవిడ, మోగినా పట్టించుకోలేదని మేనేజరు. తేల్చమని ఆ అలారం ప్రోగ్రాం రాసిన నన్ను పిలిచారు. పిలవరూ మరి! ఎనిమిదేళ్లుగా ఇక్కడ బల్బు వెలగకపోయినా నాకే ఫోను.

"ప్రోగ్రాం బాగానే ఉందని ఒక ముక్క రాసిచ్చేయండి మేడమ్," అన్నాడు మేనేజరు. "రేపట్నించి ఆవిడ రానక్కర్లేదు."

కుర్చీలో కూలబడి సెట్టింగుల ఫైలు తెరిచాను. పోయిన వారమే పాత కంప్యూటరు తీసి కొత్తది పెట్టారట. ఫైల్లో ఫ్రిజ్ పేరుంది, ఫోను నంబరుంది. ఎన్ని డిగ్రీలు దాటితే మోగాలో చెప్పే వరుస మాత్రం లేదు. కొత్తదాంట్లోకి ఎక్కించినవాడు మరిచిపోయాడు. హమ్మయ్య, తప్పు వాడిదే! చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

కానీ ఆ వరుస లేకుండా ప్రోగ్రాం నోరు మూసుకుని ఎలా నడిచింది? కోడ్ తీసి చూశాను. వరుస లేకపోతే నలభై అనుకో, అని రాసుంది. రాసింది నేనే. మొదట్లో దీన్ని ఇంట్లో నా బల్ల మీదే పరీక్షించేదాన్ని. గది వేడికే అలారం గీపెడుతుంటే, చంటిది లేస్తోందని నలభై పెట్టాను. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాను. ఆ చంటిది ఇప్పుడు మూడో తరగతి.

ఎనిమిది డిగ్రీలు దాటితే పాడయ్యే టీకాలకు నలభై! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడదంతా కెలకడం ఎందుకండీ?" అన్నాడు మేనేజరు, సంగతి చెబితే. "మీకూ తలనొప్పి, నాకూ తలనొప్పి."

"నాకెలాగూ ఉందిలెండి," అని, తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. కోడ్‌లో ఆ నలభై పీకేశాను. ఇకమీదట ఆ వరుస లేకపోతే ప్రోగ్రాం మొదలే కాదు, ఏది లేదో తెర మీద చెప్పి ఆగిపోతుంది. పట్టింది పది నిమిషాలు.

స్టోరక్క మెట్ల పక్క బెంచీ మీద ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. తిట్టినా బాగుండేది.

"అయితే మోగలేదా?" అంది.

"లేదక్కా. మోగే వీలే లేదు."

ఆవిడ సంచీలో వెతికి, నాలుగు మడతల చీటీ తీసి నా చేతిలో పెట్టింది. చెవుల డాక్టరు రాసింది.

"నాకే వినబళ్లేదేమోనని నిన్న వెళ్లి చూపించుకున్నానమ్మా," అంది. "చెవులు బాగానే ఉన్నాయన్నాడు. నేనే నమ్మలేదు."