నడుమెత్తు బల్ల

నడుముకు ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో బస్సు డ్రైవరుకు మింగుడుపడనిది ఒక్కటే: ఇక వంగకూడదు. పెరట్లో ఇటుకల మధ్య బొగ్గులు రాజేసి, గొంతుక్కూర్చుని చేపలు కాల్చడమంటే అతనికి ప్రాణం. ఇప్పుడు ఆ ఇటుకల సందుల్లో గడ్డి మొలిచింది. అతను పెరటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరు పలకరించినా ముక్తసరిగా ఊఁ కొట్టి ఊరుకునేవాడు.

అతని భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒక ఉదయం పక్కింటి రిటైర్డ్ నర్సమ్మ పాత చెక్క తలుపులు తీయించి ఇనుప తలుపులు పెట్టిస్తుంటే ఆమె చూసింది.

"పిన్నిగారూ, ఈ పాతవి ఏం చేస్తారు?"

"చెదపురుగులకి విందు చేద్దామనుకుంటున్నా. నీకేమన్నా కావాలా?"

"మా ఆయన నిలబడి చేపలు కాల్చుకునేలా ఒక బల్ల చేద్దామని."

నర్సమ్మ తలుపు ఒక కొస తనే ఎత్తి, "పట్టు మరి" అంది.

సెలవు రోజు చూసుకుని ఆమె తమ్ముడు రంపం పట్టుకొచ్చాడు. అతను ఫోన్లు బాగుచేస్తాడు, చెక్కపని అతనికీ కొత్తే. అక్కాతమ్ముళ్ళు పాత రంగు గీకారు, మేకులు పీకారు. ఆమె భర్తను గోడకు నిలబెట్టి, నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలిచింది. అందులో బల్ల మీద పెట్టబోయే ఇనుప పొయ్యి ఎత్తు తీసేస్తే బల్ల ఎత్తు తేలింది.

"బావా, అక్క నీకు బల్ల చేస్తోందా, ప్యాంటు కుడుతోందా?"

"నవ్వించకురా, నడుము పట్టేస్తుంది" అన్నాడు డ్రైవరు. అంటూనే నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైంది.

బల్లకు రెండో కాలు కోస్తుండగా రంపం కిర్రుమని ఇరుక్కుపోయింది.

"మేకుంది అక్కడ! బలవంతంగా లాగకు, మెల్లగా వెనక్కి తియ్యి!" అని డ్రైవరు కుర్చీలోంచి కేక వేశాడు. కేకతో ఆగలేక లేచి వచ్చాడు. పిట్టగోడ మీదున్న చెక్క కదలకుండా అరచేతులతో అదిమి పట్టాడు. ఇక అక్కడే ఉండిపోయాడు. ముందు చిన్న చిల్లు పెట్టి స్క్రూ బిగిస్తే చెక్క చీలదన్నాడు. వాళ్ళ చేత అలాగే చేయించాడు.

అంతా బిగించి నిలబెడితే బల్ల ఊగింది. ఒక కాలు పొట్టి. మిగిలిన మూడూ కోద్దామన్నాడు తమ్ముడు.

"ఇలా కోసుకుంటూ పోతే చివరికి పీట మిగులుతుంది. అప్పుడు దాని మీద కూర్చుని నువ్వే కాల్చాలి" అన్నాడు డ్రైవరు. పొట్టి కాలికి చెక్కముక్క ఒకటి బిగించి సరిచేశారు. చెక్క మాడకుండా పైన రాతి పలక పరిచి, దాని మీద ఇనుప పొయ్యి పెట్టారు. తలుపుకున్న గడియను ఆమె తీయనివ్వలేదు. పట్టకారు తగిలించడానికి పనికొస్తుందంది.

ఆదివారం మధ్యాహ్నం నర్సమ్మ కంచం పట్టుకుని వచ్చింది. బల్ల చుట్టూ తిరిగి, గడియను వేలితో తడిమింది.

"మా పిల్లలు దీన్ని పట్టుకునే లేచి నిలబడడం నేర్చుకున్నారు."

డ్రైవరు చేప తిప్పుతూ, "పిన్నిగారూ, మీరు ఈ తలుపులు ఇవ్వకపోతే..." అని ఆగిపోయాడు.

"చేప మాడుతోంది, అటు చూడు నాయనా" అందామె.

బాగా కాలిన ముక్క ఏరి, ముళ్ళు తీసి, అతను మొదటి కంచం భార్యకు అందించాడు. ఎప్పుడూ అందరికీ పెట్టి చివర్లో తినే మనిషి ఆమె.

"ముందు వాళ్ళకి పెట్టండి."

"వాళ్ళకీ పెడతా. నువ్వు తిను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇక నా పని అయిపోయిందనుకున్నానే" అన్నాడు.

ఆమె పక్కనే నిలబడి, ఊదుకుంటూ, వేడివేడిగా తినసాగింది. తమ్ముడు అప్పటికే రెండోసారి కంచం చాచాడు.