జకర్యాలోని వాగు

వాన వెలిసిన అడవికి ఒక వాసన ఉంటుంది. తడిసిన టేకాకు, నానిన మన్ను, ఎక్కడో కుళ్లుతున్న వెదురు.

ఆ వాసన తగిలితే జకర్యాకు ఊపిరాడదు.

బూర్గంపాడు నుంచి అడవి పల్లెలకు జీపు నడుపుతాడు. ఎవరికి పురిటినొప్పులొచ్చినా, ఎవర్ని పాము కరిచినా అతని జీపే. ఎందరినో దవాఖానాకు చేర్చాడు.

తన మొదటి భార్య ఆరాధనను చేర్చలేకపోయాడు...

తొలికాన్పు. రోడ్డు మీద పొంగిన వాగు. ఇవతల జీపు — అవతల దవాఖానా. నీళ్లు తగ్గేసరికి వెనక సీట్లో మూలుగు ఆగిపోయింది. బిడ్డా దక్కలేదు.

రెండేళ్లకు, 2005లో, రిబ్కాను పెళ్లి చేసుకున్నాడు. ఏన్కూరు అమ్మాయి. పకపకా నవ్వే మనిషి. చర్చిలో పాట ఎత్తుకుంటే పైరేకులు మోగేవి.

ఆమె దగ్గరకు వస్తే అతని ఒళ్లు కోరుకునేది. తీరా కలవబోయే క్షణానికి — చల్లబడిపోయేది.

ఒకసారి కాదు. ప్రతిసారీ.

అతను గోడవైపు తిరిగేవాడు. ఆమె ఇంటి పైరేకులకేసి చూసేది. ఒకటే మంచం. మధ్యలో వాగు.

"అలసిపోయిన," అనేవాడు మొదట్లో. తర్వాత ఆ మాటా మానేశాడు.

గోడ మీద మగతనం మందుల ప్రకటన చూసి ఒక లాడ్జి గదికి వెళ్లాడు. అక్కడి మనిషి అతని ముఖమైనా చూడకుండా 'నరాల బలహీనత' అన్నాడు. భస్మం తిన్నాడు. లేహ్యం మింగాడు. గుండెదడ పెరిగింది... అంతే.

ఇంట్లో నవ్వు తగ్గింది. చర్చిలో పాట తగ్గింది.

ఒక మధ్యాహ్నం రిబ్కా బట్టలు సంచిలో సర్దింది.

"నేనంటే ఇష్టం లేకపోతే చెప్పు. మా నాయన దగ్గరికి పోత."

"నీ తప్పేం లేదు రిబ్కా... నాకే ఏందో అయింది."

అంత చిన్న గొంతుతో అతను మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. సంచి కింద పెట్టింది.

ఇద్దరూ ఖమ్మం వెళ్లారు.

డాక్టరు నిర్మలాదేవి రక్తం, షుగరు అన్నీ చూసింది. తెల్లారి మెలకువ వచ్చినప్పుడు అంగం గట్టిపడుతుందా అని అడిగింది.

"అవ్ మేడమ్."

"అయితే ఒంట్లో లోపం లేదు. ఆమె దగ్గరకు వెళ్లినప్పుడు మనసులో ఏం మెదులుతుంది?"

జకర్యా నేల చూస్తూ చెప్పాడు.

"వాగొస్తది మేడమ్... నేను ముట్టుకోకపోతే ఆరాధనకు కడుపు వచ్చేది గాదు. కడుపు రాకపోతే బతికుండేది. ఈమెను గూడ నేనే చంపుతనేమో అనిపిస్తది."

పక్క కుర్చీలో రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ లోటు తనలోనే ఉందనుకుంది ఆమె.

"మీరు చంపలేదు," అంది డాక్టరు. "ఆ దుఃఖం మీరు ఎవరితోనూ చెప్పుకోలేదు. అందుకే అది ఒంట్లో భయమై కూర్చుంది. కొన్నాళ్లు కలయిక మాటే వద్దు. ఊరికే దగ్గరగా కూర్చోండి. చేయి పట్టుకోండి. భయమేస్తే పైకి చెప్పండి. పిల్లలు ఎప్పుడన్నది మీ ఇద్దరి ఇష్టం — దానికి మార్గాలున్నాయి. మళ్లీ ఇద్దరూ కలిసే రండి."

తిరుగు బస్సులో రిబ్కా కిటికీలోంచి అడవిని చూస్తూ కూర్చుంది. అడవి దాటుతుండగా అడిగింది.

"ఎట్లుండేది ఆరాధనక్క?"

అతను చెప్పాడు. కొంచెం కొంచెంగా... ఊరొచ్చేదాకా.

అయినా ఏదీ ఒక్కసారిగా మారలేదు. వాన పడితే అతను ఇంకా ఉలిక్కిపడతాడు. కొన్నిసార్లు ఏమీ చెప్పకుండా జీపు తీసుకుని వెళ్లిపోతాడు. ఆమె వాకిట్లో ఒంటరిగా కూర్చుంటుంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఆమె చాప మీద అటు తిరిగి పడుకుంది. జకర్యా పక్కన కూర్చున్నాడు. ఆమె వీపు మీద అరచేయి ఆనించాడు.

వేళ్లు మాత్రం పూర్తిగా ఆనలేదు.

"ఏమైతుంది?" అంది రిబ్కా, ఇటు తిరగకుండానే.

"భయమైతుంది."

"చెయ్యి తీస్తవా?"



అతను చేయి తీయలేదు...