రోలుతో గువ్వలకొండ దండయాత్ర

సకల నాగరికతలకూ మూలాధారం రోలు. చక్రమని వాదించే పండితులు లేకపోలేదు. కాని చక్రం మనిషిని ఇల్లు వదిలి పొమ్మన్నది. రోలు అతణ్ణి ఒకచోట కూర్చోబెట్టి పచ్చడి తినిపించింది. ఈ రెంటిలో ఏది ఘనమో తేల్చవలసిన అవసరం ప్రపంచానికి ఎన్నడూ కలగలేదు. గిద్దలూరుకు మాత్రం కలిగింది, పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలంలో.

ఆ ఊరి విశ్రాంత ఓవర్సీరు మాలకొండయ్యగారు తమ ఉద్యోగకాలంలో అనేక తూములు, రెండు ప్రహరీ గోడలు, ఒక రోడ్డు నిర్మించారు. తూములను వానలు ఆరగించాయి. ప్రహరీలను గేదెలు ఒరుసుకొని నేలకు దించాయి. రోడ్డు ఒక్కటే చెక్కుచెదరక నిలిచింది, దానిమీద ఎవరూ నడవకపోవడం చేత.

అది నల్లమల అంచున మొదలై, మెలికలు తిరుగుతూ గువ్వలకొండ నెత్తికి పోతుంది. పూర్వం ఒక దొరగారికి ఆ చల్లని మిట్టమీద వేసవి బంగళా కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ముందు రోడ్డు వేయమన్నారు. రోడ్డు పూర్తయ్యే నాటికి దొరగారికి బదిలీ అయింది. ఆ తరువాతి దొరగారికి చలి పడదు. ఆ విధంగా బంగళా లేని బంగళా రోడ్డు లోకంలో మిగిలిపోయింది. గిద్దలూరు జనం దానికి ‘మేకల బాట’ అని పేరు పెట్టారు. ఆ మాట వినబడినప్పుడల్లా మాలకొండయ్యగారు తమ తలపాగా తీసి మళ్ళీ చుట్టుకునేవారు. బజారుకు పోయివచ్చేసరికి కొన్నిసార్లు దానిని నాలుగైదు మార్లు చుట్టుకోవలసి వచ్చేది.

ఇట్లా ఉండగా జిల్లా బోర్డు మెంబరు సుబ్బన్న ఒకనాడు వచ్చి వసారాలో కూర్చున్నాడు. అతడు శెనక్కాయల వ్యాపారి. అంతకంటే ముఖ్యంగా, మాలకొండయ్యగారి భార్య నాగరత్నమ్మగారికి సొంత తమ్ముడు.

“బావా, చెప్తే నొచ్చుకోవద్దు. వచ్చే మీటింగులో నీ రోడ్డు కొట్టేస్తాండారు. ఇంక అది బోర్డు లెక్కలో ఉండదు.”

మాలకొండయ్యగారి చేయి తలపాగా మీదికి పోయింది. “ఎందుకు కొట్టేస్తారంట?”

“రోడ్డంటే ఏంది బావా? ఒక కొంప కాడ్నించి ఇంకో కొంప కాడికి పోయేది. పైన కొంపేది? మేకలు పోతాయి, మేకలు వస్తాయి. మేకలేమన్నా పన్ను కడతాయా?”

“బంగళా కట్టకపోతే నా తప్పా?”

“నీ తప్పని ఎవరన్నారు? ఒక సంసారం చక్రాల మీద పైకి పోయి, పొయ్యి వెలిగించి, వండుకొని తిని, నిద్ర చేసి రానీ. అప్పుడు నేనే లేచి నిలబడి చెప్తా, అది రోడ్డేనని. అంతవరకు మేకల బాటే.”

మాలకొండయ్యగారు కాసేపు ఆకాశం వైపు చూశారు. మహాపురుషులకు మహాసంకల్పాలు కలిగేది అట్టి సమయాల్లోనే.

“పైన బంగళా లేదు, అంతేగదా? సరే. బంగళానే తీసుకొని పోతా. నువ్వూ రా. నీ కండ్లతో చూసి చెప్పు.”

అప్పట్లో దొనకొండ విమానాల మైదానంలో యుద్ధపు లారీలు బారులు తీరి నిలబడి ఉండేవి. జపానువాణ్ణి ఓడించిన తరువాత వాటికి చేయడానికి పనేమీ లేక, వేలానికి వచ్చాయి. అందులో ఒకదానిని మాలకొండయ్యగారు పాడుకొన్నారు. దానిని ఎంచి ఇచ్చినవాడు, ఇంటిదాకా తోలుకొని వచ్చినవాడు అబ్రహాము. మిషను పాలెంవాడు; పటాలంలో డ్రైవరుగా బర్మా సరిహద్దు దాకా పోయి వచ్చాడు. ప్రపంచంలోని ఏ విషయాన్నైనా అతడు బర్మాతో పోల్చి తక్కువ చేయగలడు.

“మామూలు లారీకి వెనక చక్రాలే లాగుతాయి నాయనా. దీనికి ముందువి గూడా లాగుతాయి. మీ గువ్వలకొండ కంటే నిటారు కొండలు ఎక్కించినా నేను, బర్మాలో. పైన్నించి జపానోళ్ళు కాలుస్తా ఉంటే!”

“కాల్చేవాళ్ళుంటే ఎవరైనా ఎక్కుతారు,” అన్నారు నాగరత్నమ్మగారు లోపలినుంచి. “ఇక్కడ నిన్ను ఎవరు కాల్చాల?”

మయుడు మయసభ నిర్మించినప్పుడు కూడా అంత చప్పుడు అయి ఉండదు. పైనున్న గుడారపు గుడ్డ ఊడదీసి, మద్ది చెక్కతో చట్రం బిగించి, దానికి రేకులు కొట్టారు. పక్కలకు పాత రైలుపెట్టె కిటికీలు వచ్చి కూర్చున్నాయి. తూటాల పెట్టెలు బల్లలైనాయి. వాటిలో కందిపప్పు, బియ్యం, చింతపండు చేరాయి. గోడకు గొలుసులతో వేలాడే మంచం ఒకటి అమరింది; పగలు మడిస్తే గోడ, రాత్రి దించితే పడక. గిన్నెలు జారిపడకుండా అలమరలకు కట్టెపట్టీలు కొట్టారు. వాగులో దిగినా నీళ్ళు పోకుండా పొగగొట్టాన్ని నెత్తిదాకా లేపారు. బరువుకు కుంగకుండా వెనుక స్ప్రింగులకు పట్టీలు పెంచారు. పెట్రోలు డబ్బాలను బూడిదతో తోమి మంచినీళ్ళు పోశారు. ఆ నీళ్ళతో కాచిన కాఫీని ఊరిపెద్దలు రుచి చూసి, ఇంజనుకు పనికివస్తుందని అభిప్రాయపడ్డారు. బండికి తెల్లగా సున్నపు రంగు వేశారు గాని, పక్కనున్న పటాలం నక్షత్రం ఎన్ని పూతలు పూసినా లోపలినుంచి తొంగిచూస్తూనే ఉన్నది.

నాగరత్నమ్మగారు వచ్చి, వెనుక తలుపుకు గడప పెట్టించి, పసుపు పూసి, మామిడాకులు కట్టారు. లోపల నలువైపులా చూశారు.

“రోలేది?”

“ఒక్క పూటకు రోలెందుకు? పచ్చడి చేసుకొని జాడీలో పెట్టుకోరాదా?” అన్నారు భర్తగారు.

“రోలు లేని కొంప కొంపెట్లయితది? అందులో నేను పొయ్యి వెలిగించను, నిద్రా చెయ్యను. నువ్వూ సుబ్బన్నా పొయ్యి, సన్నాసుల మాదిరి అటుకులు తిని రాండి.”

సంసారం లేనిదే రోడ్డు లేదు. ఇల్లాలు లేనిదే సంసారం లేదు. రోలు లేనిదే ఇల్లాలు రాదు. తర్కశాస్త్రంలో ఇంత దృఢమైన గొలుసు అరుదు. ఓవర్సీరుగారు తలవంచారు. పామూరు దగ్గర తన పుట్టింటినుంచి సారెతో పాటు తెచ్చుకొన్న నల్లరాతి రోలు నాగరత్నమ్మగారిది. అడుగు చదరం, నడుము సన్నం. ఇద్దరు మగవాళ్ళకు తగిన బరువు. దానిని ఎక్కించగానే లారీ ఒక నిట్టూర్పు విడిచి వెనక్కు కుంగింది.

“కొండెక్కే బండికి రాళ్ళ మూట కట్టినావు గదక్కా,” అని సుబ్బన్న నవ్వాడు. “బోర్డులో చెప్తే ఎవరూ నమ్మరు.”

నాగరత్నమ్మగారు బండెక్కారు. రోటి పొత్రాన్ని చంటిబిడ్డలాగా ఒడిలో పెట్టుకొని తూటాల పెట్టెమీద కూర్చున్నారు.

తెల్లవారుజామున బయలుదేరిన ఆ రథం రెండు వాగులు దాటింది, చిల్లచెట్లు తొక్కింది, రైలుకిటికీల గుండా ముళ్ళకొమ్మలను లోపలికి ఆహ్వానించింది. కొండ మొదట్లోని రెండు మలుపులు ఇంజను ఏనుగులాగా ఘీంకరిస్తూ ఎక్కింది. మాలకొండయ్యగారు ముందు సీటులో తలపాగా తాకకుండా కూర్చున్నారు.

మూడో మలుపులో చక్రాలు గిర్రున తిరిగాయి. బండి కదలలేదు. కదలకపోవడంతో తృప్తిపడక, మెల్లగా వెనక్కు రావడం ప్రారంభించింది. వెనుక లోయ ఉన్నది.

“రాయి! రాయి పెట్టండయ్యో!” అబ్రహాము బ్రేకు మీద నిలబడి కేకపెట్టాడు. “బ్రేకు పట్టడం ల్యా! ప్రభువా!”

మాలకొండయ్యగారు, సుబ్బన్న దూకి, దారి పక్కనున్న రాళ్ళు తెచ్చి వెనుక చక్రాల కింద వేశారు. ఆ కొండ పలకరాతి కొండ. మార్కాపురంలో పిల్లలు అక్షరాలు దిద్దడానికి ఆ రాయి ఎంత గొప్పదో, లారీ ఆపడానికి అంత పనికిరానిది. చక్రం తగలగానే అప్పడంలాగా పటపట విరిగి పొరలు పొరలుగా జారింది. రోడ్డు మొత్తం ఆ రాతితోనే వేశారన్న సంగతి ఓవర్సీరుగారికి ఆ క్షణంలో బాగా జ్ఞాపకం వచ్చింది.

“పలక ఆగదు! గట్టి రాయి గావాల!” అన్నాడు అబ్రహాము.

కనుచూపు మేరలో పలక తప్ప మరో రాయి లేదు. అప్పుడు వెనుక తలుపు తెరుచుకొన్నది. పసుపు పూసిన గడపమీద నాగరత్నమ్మగారు నిలబడి ఉన్నారు, చంకలో పొత్రంతో.

“ఏందిరా చూస్తాండేది? రోలు దించండి!”

బావ ఒక పక్క, బావమరిది ఒక పక్క పట్టి రోటిని దించి, చక్రం కింద తోశారు. లారీ దానిమీదికి ఒరిగింది, మూలిగింది, ఆగింది. నల్లరాతికి చిన్న గీత కూడా పడలేదు.

ఇంజను బుసలు కొడుతున్నది.

“అమ్మా,” అన్నాడు అబ్రహాము చెమట తుడుచుకుంటూ, “జపానోళ్ళే నయం.”

అక్కడినుంచి పైదాకా జరిగినది యుద్ధమే. లారీ కొంత దూరం ఎక్కుతుంది, జారబోతుంది. రోలు చక్రం కిందికి పోతుంది. ఇంజను చల్లబడుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. రోలు దాని వెంట పరుగెత్తాలి. కాని రోళ్ళకు పరుగెత్తే అలవాటు లేదు గనుక, దానిని తాళ్ళతో గడకర్రకు వేలాడగట్టి మోశారు. ముందు కొమ్ము బోర్డు మెంబరు, వెనుక కొమ్ము విశ్రాంత ఓవర్సీరు. ఊరేగింపులో ఉత్సవమూర్తికి కూడా అంత గౌరవనీయమైన బోయీలు దొరకరు.

“బావా, మెల్లగా! భుజం పోతాంది!”

“రాళ్ళ మూటన్నావు గదరా? మొయ్యి.”

“అన్నా. తప్పయిపాయె. ముందర నువ్వే గదా వద్దనింది?”

“నోరు మూసుకొని మొయ్యండి ఇద్దరూ,” అన్నది అక్కగారి గొంతు, కిటికీలోనుంచి.

చివరి మలుపు దాటగానే నేల ఒక్కసారిగా చదునైంది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. కింద గిద్దలూరు, దాని రైలుపట్టాలు, దాని పరిహాసాలు అన్నీ అరచేతిలో పట్టేటంత అయిపోయాయి. అబ్రహాము హారను మోగించి, మోగించి, చేయి నొప్పిపుట్టి ఆపాడు. మాలకొండయ్యగారు గడకర్ర దించి, తాము వేసిన రోడ్డు చివర నిలబడ్డారు. కళ్ళు తుడుచుకొన్నారు, దుమ్మని చెప్పారు.

నాగరత్నమ్మగారు రోటిని కడిగించి, వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి పచ్చడి నూరారు. పచ్చడికి కొంచెం పెట్రోలు వాసన వచ్చింది. సుబ్బన్న మూడుసార్లు వడ్డించుకొన్నాడు. అబ్రహాము కళ్ళు మూసుకొని ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, బర్మాలో ఇట్లాంటి పచ్చడి లేదని ఒప్పుకొన్నాడు. అతని నోట బర్మా ఓడిపోవడం అదే మొదటిసారి.

చేయి కడుక్కొని సుబ్బన్న లేచి నిలబడ్డాడు. బోర్డు మెంబర్లకు కూర్చుని సత్యం చెప్పడం రాదు.

“ఇది రోడ్డే,” అన్నాడు. “బోర్డులో గూడా ఇదే చెప్తా. ఎవడన్నా మేకల బాట అంటే నా భుజం చూపిస్తా.”

ఓవర్సీరుగారు భార్య వైపు తిరిగారు. “రత్నమ్మా, నీ రోలు లేకపోతే...”

“తెలుసులే. పొత్రం ఇట్లియ్యి,” అన్నారామె.

ఆ రాత్రి గొలుసుల మంచం దింపి, సంసారం నిద్ర చేసింది. తెల్లవారింది. రోడ్డు రోడ్డై కూర్చున్నది.

ఉదయం కాఫీ కాగుతుండగా, మిట్టకు అవతలి పక్కనుంచి మేకల మంద ఒకటి పైకి వచ్చింది. వాటి వెనుక కంబళి కప్పుకొన్న కాపరి యల్లయ్య. రైలుకిటికీలు, మామిడాకులు, నెత్తిమీద పొగగొట్టం గల ఆ తెల్లని వస్తువును చూసి అతడు నోరు తెరిచాడు. మాలకొండయ్యగారు జయశాలికి తగిన దయతో అతణ్ణి పలకరించారు.

“యల్లయ్యా, ఇన్నాళ్ళూ మీ మేకల బాటంటా ఉన్నారే, అది నిన్నట్నుంచి రోడ్డు. ఇంకమీద లారీలొస్తాయి. మీ మేకలను కొంచెం పక్కన తోలుకో.”

యల్లయ్య మలుపు దాకా పోయి, కిందికి తొంగిచూసి వచ్చాడు.

“ఈ దారినా మామా? నేనెప్పుడూ ఇటు తోల్లేదే,” అన్నాడు. “పలక జారతాది. మేకలు కాళ్ళిరగ్గొట్టుకుంటాయి.”